గోడమీద ధర, గోడమీద నీతి

మూడేళ్ల కిందట ఆఫీసు పనిమీద పారిస్ వెళ్లినప్పుడు నేను దిగిన హోటల్ సందు చివర ఒక పాత బడి గోడ ఉండేది. దానిమీద నల్లటి పెద్ద అక్షరాలతో ‘దెఫాన్స్ దఫిషే, 1881 జూలై 29 చట్టం’ అని రాసుంది. నాకు ఫ్రెంచి రాదు. అంకెలూ, డిఫెన్స్ లాంటి ఆ మొదటి మాటా మాత్రం అర్థమయ్యాయి. మిలిటరీ వాళ్ల జాగా కాబోలనుకుని రెండు రోజులపాటు ఫోన్ జేబులోంచి తీయకుండా, తల వంచుకుని ఆ గోడ దాటాను. మూడోరోజు అక్కడి కొలీగ్‌ని అడిగితే పడీపడీ నవ్వాడు. ‘పోస్టర్లు అంటించరాదు’ అని దానర్థమట.

తర్వాత చూస్తే ఊరంతా అదే రాత. ఇంటికొచ్చాక ఆ చట్టం ఏమిటో చూశాను. అది నిజానికి పత్రికాస్వేచ్ఛ చట్టం. గోడల లెక్క కూడా అందులోనే ఉంది. ప్రతి ఊళ్లో సర్కారు ప్రకటనలకు మేయరు చోటు కేటాయించాలి, వాటిని చింపితే జరిమానా. అన్నిటికన్నా నాకు సరదా అనిపించింది కాగితం రంగు. తెల్లకాగితం మీద పోస్టరు వేసే హక్కు సర్కారుకే. పార్టీవాళ్లయినా, సబ్బులవాళ్లయినా, సర్కసువాళ్లయినా రంగు కాగితం వాడుకోవాల్సిందే. ఈ నియమం ఇంకా పాతది, విప్లవం రోజుల్లో 1791లో పుట్టింది. అక్షరాలు కూడబలుక్కోకముందే, వీధి అవతలినుంచే, మాట్లాడుతున్నది ప్రభుత్వమా మరొకరా అన్నది తెలిసిపోతుందన్నమాట.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఒక పాత ఫ్రెంచి పోస్టరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటిది, బడిపిల్లలు గీసింది. ఒక కోడి బొమ్మ. దాని కింద, ‘నేను మంచి యుద్ధకాలపు కోడిని. తక్కువ తింటాను, ఎక్కువ పెడతాను’ అని. ఇక చూడండి, చప్పట్లు, దండాలు. ‘మన పిల్లలకు కూడా ఇలాంటి విలువలు నేర్పాలిరా’ అని ఒకడు. నేనొక పెద్ద మెసేజ్ టైపు చేసి, గొడవెందుకులే అని చెరిపేశాను. ఆ చెరిపేసిన మెసేజే ఇది, కాస్త పొడుగు పెరిగింది.

నా గోల ఒక్కటే. తిండి విషయంలో గోడకెక్కే మాటలు రెండు రకాలు. ఇంతకు మించి అమ్మకు అని కొట్టువాడికి చెప్పేది ఒకటి. ఇంతకు మించి తినకు అని జనానికి చెప్పేది ఇంకొకటి. మొదటిది ఎంత కరుకుగా ఉన్నా నాకు గౌరవమే. రెండోది ఎంత ముద్దుగా ఉన్నా నాకు అనుమానమే. ఫ్రాన్సు చరిత్ర చదివేకొద్దీ ఈ అనుమానం ముదిరింది. మధ్యలో రెండుమూడు చోట్ల నా వాదం నాకే అడ్డం తిరిగింది, అదీ చెప్తాను.

కొట్లో వేలాడిన పట్టిక

1793 సెప్టెంబరు 29న కన్వెన్షన్, అంటే ఫ్రెంచి విప్లవం నాటి పార్లమెంటు, చేసిన ‘మాక్సిమమ్’ చట్టం గురించి బళ్లో ఒక లైను చదువుకునే ఉంటారు. ధరలకు పైహద్దు పెట్టారని. 1790 నాటి ధరకు మూడోవంతు కలిపి, అంతకు మించి అమ్మితే నేరం అన్నారు. మాంసం, వెన్న, నూనె, ఉప్పు, సబ్బు, కట్టెలు, చెప్పులు, ఇలా రోజూ కావలసినవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. నాకు ఆసక్తి కలిగించింది ధర కాదు. ధర ఎక్కడ కనబడాలన్నది.

చట్టంలో ఆ సంగతి చాలా వివరంగా ఉంది. ప్రతి జిల్లా అధికారులు ధరల పట్టిక తయారుచేసి, చట్టం తమకు చేరిన ఎనిమిది రోజుల్లో గోడలకు అంటించాలి. ప్రతి కొట్టువాడూ తన సరుకుల పైహద్దు ధరలు రాసిన పట్టికను కొట్లో అందరికీ కనబడేలా పెట్టాలి. హద్దు దాటితే సరుకు విలువకు రెండింతల జరిమానా, పైగా అనుమానితుల జాబితాలో పేరు. ఆ రోజుల్లో అనుమానితుడంటే జైలే, ఒక్కోసారి గిలటిన్ కూడా. ఎక్కువిచ్చి కొన్నవాడిదీ తప్పే. కానీ కొన్నవాడు వెళ్లి ఫిర్యాదు చేస్తే అతనికి శిక్ష లేదు, జరిమానా సొమ్ము కూడా ఫిర్యాదు చేసినవాడికే. దానికి రెండు నెలల ముందు జూలైలో వచ్చిన దొంగనిల్వల చట్టమైతే ఇంకో అడుగు ముందుకేసింది. టోకు సరుకు ఉన్నవాడు గిడ్డంగి బయటి తలుపుమీద లోపల ఏముందో, ఎంతుందో రాసి అంటించాలంది. దాచితే మరణశిక్ష.

మరణశిక్షను నేను సమర్థించడం లేదు. ఆ తలుపుమీది కాగితం గురించే నా మాట. అంతకుముందు ధాన్యం లెక్కలు ఎవరికి తెలిసేవి? వ్యాపారికి, అధికారికి. రొట్టె దొరకనప్పుడు జనం చేతిలో మిగిలింది పుకారు ఒక్కటే. 1789 అక్టోబరు 21న నోత్రదామ్ దగ్గర దెని ఫ్రాన్స్వా అనే రొట్టెలవాణ్ని, రొట్టెలు దాచాడన్న అనుమానంతో జనం లాక్కెళ్లి చంపేశారు. లోపల ఏముందో బయట రాసి ఉన్న ఊళ్లో అలాంటివి పూర్తిగా ఆగుతాయని కాదు. పుకారుకు బదులు పట్టుకోవడానికి ఒక అంకె ఉంటుంది, అంతే.

నాయనమ్మ, కిరోసిన్

అంకె విలువ నాకు తెలిసింది పారిస్‌లో కాదు. నేను మూడో తరగతిలో ఉండగా మా ఊరి రేషన్ షాపు ముందు. నాయనమ్మకు చదువు రాదు. నాకు కొత్తగా వచ్చిన చదువును ఆవిడ కర్రలా వాడేది, ఎక్కడికి పోయినా చేత్తో పట్టుకుపోయేది. ఆ రోజు డీలరు ‘కిరోసిన్ అయిపోయిందమ్మా, వచ్చేనెల రండి’ అన్నాడు. తలుపు పక్కన నల్లబోర్డు, సుద్దముక్కతో నిల్వలు, ధరలు. ‘ఏందిరా అది, సదువు’ అంది. నేను బళ్లో పద్యం అప్పజెప్పినట్టు గొంతెత్తి చదివాను. బియ్యం ఇంత, చక్కెర ఇంత, కిరోసిన్ నూట ఇరవై లీటర్లు. క్యూలో వెనకనున్న వాళ్లంతా నవ్వారు. డీలరు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. డబ్బాలో కిరోసిన్ అయితే పోశాడు.

మరుసటి నెల వెళ్లేసరికి బోర్డు కడిగి పెట్టాడు. తెల్లగీత ఒక్కటి లేదు.

నా వాదానికి మొదటి దెబ్బ అదే. రాత మీద ఆధారపడిన హక్కు, రాసేవాడు రాయడం మానేస్తే గాలికి పోతుంది. మాక్సిమమ్‌కి జరిగింది దీనికన్నా పెద్దది. అక్కడ బోర్డుమీద ధర అలాగే ఉంది, బోర్డు కింద సరుకు మాయమైంది. రైతు ధాన్యం దాచుకున్నాడు. కాగితపు డబ్బుకు విలువ పడిపోతుంటే అందరికీ కనబడేలా రాసిన ధరకు ఎవడమ్ముతాడు? దొడ్డిదారిన అమ్మకాలు పెరిగాయి. అందులోనూ, ధరకు హద్దు పెట్టిన చట్టమే కూలికీ హద్దు పెట్టింది. 1790 కూలికి సగం కలిపి, అంతకు మించి ఇవ్వకూడదంది. పారిస్‌లో ఆ కూలి పట్టికను చాన్నాళ్లు నానబెట్టి, చివరికి 1794 జూలై 23న గోడలకెక్కించారు. చాలామందికి అప్పటికి దొరుకుతున్న కూలిలో బాగా కోత. నాలుగు రోజులకు, అప్పటి విప్లవ ప్రభుత్వానికి పెద్దదిక్కయిన రోబెస్పియర్ అధికారం నుంచి పడిపోయాడు. మర్నాడు అతన్నీ అతని పక్షం నాయకుల్నీ బండ్లలో గిలటిన్‌కు తీసుకెళ్తుంటే వీధిలో జనం మాక్సిమమ్ పేరెత్తి బూతులు తిట్టారంటారు. గోడమీది ధరను తెచ్చిన పేదజనమే, గోడమీది కూలిని చూసి చెయ్యి వదిలేశారు. ఆ పతనానికి కారణాలు సవాలక్ష, ఈ పోస్టరు ఒక్కటే కాదు. కానీ పట్టికకు రెండు వైపులా పదునుందని ఒప్పుకోకుండా నేను ముందుకు పోలేను.

మరి చట్టం పీకేశాక ఏమైంది? 1794 డిసెంబరులో మాక్సిమమ్ రద్దయింది. వెనకే వచ్చిన చలికాలం, కరువు పారిస్‌ను పిండేశాయి. 1795 మే 20న జనం కన్వెన్షన్‌లోకి చొరబడ్డప్పుడు చాలామంది టోపీల మీద ‘రొట్టె, 1793 రాజ్యాంగం’ అని రాసుకొచ్చారు. గోడలు అప్పటికి వాళ్లవి కావు, టోపీలే మిగిలాయి. మాక్సిమమ్ విఫలమైందని తేల్చేసేవాళ్లు ఈ టోపీల దాకా వచ్చి ఆగరు, డిసెంబరులోనే పుస్తకం మూసేస్తారు.

మేయరు ఆఫీసు తలుపు

ఈ వాదంలో నాకు బాగా ఇష్టమైన కథ రొట్టెది కాదు, సారాయి... కాదు కాదు, ద్రాక్షసారాది, అంటే వైన్‌ది. అసలు వైన్‌కీ కల్తీ వైన్‌కీ ఉన్న తేడా కోసమే దక్షిణ ఫ్రాన్సులో ప్రాణాలు పోయాయి కాబట్టి సరిగ్గా చెప్పాలి.

1900 దాటాక లాంగ్దొక్ ప్రాంతంలో ద్రాక్ష రైతులు దివాలా తీశారు. పంట ఎక్కువై ధర పడిపోయింది, అల్జీరియా వైన్ వచ్చిపడింది. దానికి తోడు నీళ్లూ చక్కెరా కలిపి వైన్ అని అమ్మేవాళ్లు. 1903లో చక్కెరమీద పన్ను తగ్గించడంతో కల్తీ ఇంకా చవకైంది. 1907 మార్చి 11న అర్జెలియే అనే ఊరినుంచి 87 మంది రైతులు, మార్సెలాన్ అల్బేర్ అనే కాఫీకొట్టు నడిపే ఆయన వెనక, నార్బోన్ నడిచెళ్లారు. ప్రతి ఆదివారం ఒక పట్నంలో సభ. జూన్ 9న మోన్‌పెలియేలో ఐదు లక్షలకు పైగా జనం అని లెక్క. ఒక్కో ఊరు ఒక్కో అట్టముక్క, గుడ్డముక్క మీద తన మాట రాసుకుని కర్రకు కట్టి పట్టుకొచ్చింది. నిఖార్సైన వైన్ వర్ధిల్లాలని, కల్తీగాళ్లు నశించాలని. నార్బోన్ మేయరు ఫెరూల్ పిలుపుతో వందల ఊళ్లలో మేయర్లు రాజీనామా చేశారు. ప్రధానమంత్రి క్లెమెన్సో సైన్యాన్ని దించాడు, నార్బోన్‌లో కాల్పులు జరిగి జనం చచ్చిపోయారు. అది విని అదే ప్రాంతం కుర్రాళ్లున్న 17వ రెజిమెంటు సైనికులు తిరగబడి బెజియేకు నడిచెళ్లారు.

అల్బేర్ కథ మాత్రం జాలిగా ముగిసింది. దొంగచాటుగా పారిస్ వెళ్లి క్లెమెన్సోను కలిశాడు. తిరుగు రైలుకని క్లెమెన్సో వంద ఫ్రాంకులిచ్చాడు, ఈయన పుచ్చుకున్నాడు. క్లెమెన్సో వెంటనే పత్రికలవాళ్లను పిలిచి ఆ సంగతి చెప్పేశాడు. అంతే, దేవుడనుకున్నవాడు ఊళ్లో ముఖం చూపించుకోలేకపోయాడు. వంద ఫ్రాంకులకు ఉద్యమం తలకాయ తెగిందంటే, రాజకీయం తెలిసినవాడికి తుపాకీ ఎందుకో మరి.

ఉద్యమం పోయినా చట్టం వచ్చింది, 1907 జూన్ 29న. చక్కెరమీద అదనపు పన్ను వగైరా సరే. దాని మొదట్లోనే ఒక నియమముంది. ప్రతి రైతూ కోత అయ్యాక తనకు ఎంత తోట కాపులో ఉంది, ఎంత వైన్ తీశాడు, పాత సరుకు ఎంత మిగిలింది అన్నది మేయరు ఆఫీసులో రాయించాలి. పేరుపేరునా ఆ జాబితా మేయరు ఆఫీసు తలుపుకు అంటించాలి.

ఒక్క నిమిషం ఆ తలుపు ముందు నిలబడి చూడండి. ఊళ్లో అందరూ ద్రాక్ష పండించేవాళ్లే. ఎకరం తోట ఎంత దిగుబడి ఇస్తుందో ప్రతివాడికీ తెలుసు. ఎవడైనా ఉన్న తోటకు రెట్టింపు వైన్ రాయించాడనుకోండి, ఆ మిగతా సగం నూతిలోంచో చక్కెర బస్తాలోంచో వచ్చిందని తేల్చడానికి ఇన్‌స్పెక్టరు, ల్యాబు అక్కర్లేదు. పక్క తోటవాడు నోట్లో పుల్ల నములుతూ చదివితే చాలు. ఆ ఏడాది అక్టోబరులో కల్తీ నిరోధక శాఖ కూడా పెట్టారు. అది పెద్ద సంగతే, ఇవాళ్టి వినియోగదారుల శాఖకు మూలం అదే. అయినా నా ఓటు ఆ తలుపుకే.

ఇక్కడ నా వాదం రెండోసారి అడ్డం తిరుగుతుంది. నిజాయితీ వైన్ అడిగినవాళ్లంతా అంత నిజాయితీపరులేం కాదు. అదే జూన్ 14న పారిస్‌లో ట్రొకడెరో దగ్గర పెద్ద సభ జరిగింది. ‘వైన్ కోసం, అబ్సాంత్‌కి వ్యతిరేకంగా’ అని పిలుపు. అబ్సాంత్ అంటే ఆకుపచ్చటి ఘాటు మందు, కార్మికుల వాడల్లో అప్పటికి వైన్‌కి గట్టి పోటీ. డాక్టర్లు, మద్యనిషేధం వాళ్లు, వైన్ వ్యాపారం వాళ్లు ఒకే వేదిక ఎక్కారు. అబ్సాంత్ పిచ్చెక్కిస్తుందని పోస్టర్లలో పుర్రెలు, అస్థిపంజరాలు. వైన్ మాత్రం ఆరోగ్యానికి మంచిది, అది మందే కాదన్నట్టు. యుద్ధం మొదలయ్యాక 1915 మార్చి 16న అబ్సాంత్‌ని నిషేధించారు. సైనికులకు వైన్ మాత్రం రోజువారీ రేషన్‌లో పోశారు. పుర్రె బొమ్మ వెనక ఎవరి గల్లాపెట్టె ఉందో ఆ పోస్టరుమీద రాసి ఉండదు.

బుద్ధిమంతురాలైన కోడి

ఇప్పుడు మా గ్రూపులో వచ్చిన కోడి దగ్గరకు వద్దాం. పొదుపు కోసం పెట్టిన ఒక జాతీయ కమిటీ పారిస్ బడిపిల్లల చేత ఆ పోస్టర్లు గీయించింది. బొమ్మలు నిజంగా బాగుంటాయి, దాన్ని కాదనను. చక్కెర బిళ్లను ఈరోజు రెండుగా విరిస్తే రేపటికీ ఉంటుందని ఒకటి. వైన్ మన సైనికులకు వదిలిపెట్టండని ఒకటి. పొగాకు మీదా ఉంది, మాంసం మీదా ఉంది. పిల్లల చేతి గీతలో ఉండే ఆ వంకర, ఆ రంగు, చూస్తే మనసు కరుగుతుంది. కరగాలనే కదా పిల్లల చేత వేయించింది.

చక్కెరకు కార్డు వచ్చింది 1917లో. పారిస్‌లో మనిషికి రోజుకు 300 గ్రాముల రొట్టె అని కట్టడి చేసింది 1918 జనవరిలో. యుద్ధం మొదలైంది 1914 ఆగస్టులో. కార్డు ఇవ్వడానికి మనసొప్పని సర్కారు, ఆ మధ్యకాలంలో జనం మనసుమీద పని పెట్టుకుంది. కార్డంటే ధనికుడికీ 300 గ్రాములే. నీతి పోస్టరంటే, డబ్బున్నవాడు బొమ్మ చూసి మురిసిపోయి ఇంటికెళ్లి మామూలుగానే తింటాడు. లేనివాడు ఎలాగూ సగం బిళ్లే వేసుకుంటున్నాడు, ఇప్పుడు దానికి దేశభక్తి అని పేరొచ్చింది.

నా స్నేహితుడొకడికి ఇది చెప్తే, ‘యుద్ధంలో ఉన్న దేశం పొదుపు చేయమనడం కూడా తప్పేనా?’ అన్నాడు. తప్పు కాదు. ఆ పోస్టర్లలోనే ఒకటి రేషన్ కార్డు గురించి. కార్డు ఉంటే కొంచెమే దొరుకుతుంది, కానీ అందరికీ దొరుకుతుందని. దానికి నేను దణ్ణం పెడతాను. అది తినేవాడికి సుద్దులు చెప్పడం లేదు, పంపకం ఎలా జరుగుతుందో చెప్తోంది. కోడికీ కార్డుకీ నేను చూసే తేడా అదే.

రెండో యుద్ధం నాటికి కార్డులు తొందరగానే వచ్చాయి, 1940 సెప్టెంబరులో. జనాన్ని అక్షరాలుగా విడగొట్టారు. మూడేళ్లలోపు పిల్లలు ఇ, పెద్దవాళ్లు ఎ, బరువు పనివాళ్లు టి, డెబ్బై దాటినవాళ్లు వి. మామూలు పెద్దమనిషికి రోజుకు 350 గ్రాముల రొట్టె, మరుసటి ఏడాదికి 275. ఇక్కడ నా సిద్ధాంతం ప్రకారం నేను సంతోషించాలి, అంకె ఉంది కదా. కానీ ఆ అంకె వేసిన చెయ్యి ఎవరిది? జర్మన్లు దేశం పంటను తోడేసుకుంటుంటే, జర్మన్ల చేతిలో ఓడాక ఏర్పడి వాళ్లకు సహకరించిన విషీ ప్రభుత్వం ‘నల్లబజారు సమాజంపై నేరం’ అని పోస్టర్లు వేసింది. ఖాళీ అంగడి తప్పు పక్కింటివాడి మీదికి పోయింది. 1942 మే 31న పారిస్ బ్యూసీ వీధిలో ఒక తిండి సరుకుల కొట్టుమీద ఆడవాళ్లు పడి సార్డీన్ చేపల డబ్బాలు తీసి క్యూలో ఉన్నవాళ్లకు విసిరారు. కమ్యూనిస్టులు దగ్గరుండి నడిపించిన పని అది. పోలీసులతో గొడవలో ఇద్దరు పోలీసులు చనిపోయారు, తర్వాత ఆ గుంపులోని మగవాళ్లకు మరణశిక్షలు అమలు చేశారు. సార్డీన్ డబ్బాల కోసం.

యుద్ధం అయిపోయాక కూడా 1947లో రొట్టె రేషన్ 200 గ్రాములకు పడింది, జర్మన్లున్నప్పటికన్నా తక్కువ. కార్డులు పూర్తిగా పోయింది 1949లో.

కాబట్టి గోడమీద అంకె ఉంటే చాలదు. దాన్ని చదివి నిలదీసే వీలు ఉండాలి. విషీ కార్డులోని అంకె కింద కస్టమరును కట్టేసింది, పైవాణ్ని ఎవరూ అడగలేకపోయారు. నిజానికి రెండు రకాలని నేను మొదట్లో గీసిన గీత ఇక్కడ కొంచెం చెరిగిపోయింది. చెరిగిపోనీ. మేయరు ఆఫీసు తలుపు, కొట్లోని పట్టిక మాత్రం నా దృష్టిలో గీతకు ఇవతలే ఉంటాయి.

కిలో లెక్క

మన గోడల మీద కూడా తిండి ధర ఓట్లు రాల్చింది, కిలో రెండు రూపాయల బియ్యం రోజులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ సంగతి ఇంకో పోస్టులో.

ఫ్రాన్సులో రొట్టె ధరమీద మేయర్లకు, తర్వాత కేంద్రానికి ఏదో ఒక రకంగా పట్టు దాదాపు రెండు వందల ఏళ్లు నడిచింది. 1791లో మిగతా సరుకుల ధరలకు స్వేచ్ఛ ఇచ్చినప్పుడు కూడా రొట్టెకూ మాంసానికీ తాత్కాలికంగా ధర కట్టవచ్చన్నారు. ఆ తాత్కాలికం ఎంత సాగిందో చూడండి. 1978 ఆగస్టులో ప్రధాని రేమోన్ బార్ ప్రభుత్వం రొట్టె ధరను వదిలేసింది. అదే నెలలో ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. ధర నీ ఇష్టం, కానీ రొట్టె పేరు, బరువు, ధర, కిలో ఎంత పడుతుందో కొట్టు లోపలా, బయటినుంచీ చదవగలిగేలా రాయాలి అని. కట్టడి తీసేసినా కాగితం మాత్రం తీయలేదు. మార్కెట్ స్వేచ్ఛ అంటే ప్రాణం పెట్టే ఆ ప్రభుత్వానికి కూడా ఆ అద్దం మీది చీటీ అవసరమనిపించింది.

పారిస్‌లో ఆఖరి రోజు పొద్దున హోటల్ దగ్గరి బేకరీ అద్దంలో ఆ చీటీ చూశాను. అప్పటికి ఈ ఉత్తర్వు సంగతి తెలియదు. బగెత్ (పొడుగాటి కర్రలాంటి రొట్టె) 250 గ్రాములు, ధర, పక్కనే కిలో ధర. మన బియ్యం ధరతో పోల్చుకుంటూ, యూరోలు రూపాయల్లోకి మారుస్తూ, ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ నొక్కుతూ నిలబడిపోయాను. లోపలినుంచి బేకరీ ఆవిడ నా వంకా చీటీ వంకా మార్చి మార్చి చూస్తోంది. లెక్క తేలేలోపు నా వెనక ఆరుగురు చేరారు. క్యూ నాతో మొదలైందనుకున్నారు పాపం.